రాత్రి నిడివి, పూల కాలం: ఇందూరు–బోధన్ చెరకు సీమలో వెలుగు చరిత్ర

ఇందూరు అని కూడా పిలిచే నిజామాబాద్ పట్టణం నుంచి బోధన్ వరకు, అక్కడి నుంచి రుద్రూరు, వర్ని, కోటగిరి మీదుగా మంజీర ఒడ్డు దాకా పరుచుకున్న చెరకు సీమను గురించి ఎవరు మాట్లాడినా ముందుగా నీటిని, ఆ తరువాత చక్కెరను తలుచుకుంటారు. ఆ నీటితో పెరిగిన పైర్లు ఎప్పుడు పూయాలో, ఎప్పుడు పూయకూడదో నిర్ణయించిన వెలుగును, అంతకంటె ముఖ్యంగా చీకటిని, ఒక చారిత్రక విషయంగా చూడటం అరుదు. ఏడాదిలో అధిక భాగం ఎండ కాసే నేలలో వెలుగుకు విడిగా చరిత్ర ఏముంటుందన్న భావన ఇందుకు కారణం కావచ్చు. ఎల్‌ఈడీ దీపాల కింద పూల మొక్కలను పెంచే పద్ధతి తెలుగు నేలకూ దాని పొరుగు జిల్లాలకూ చేరిన ఈ కాలంలో ఆ భావనను సవరించుకోవలసి వస్తుంది. ఈ సీమలో మొక్కకు ఎండ ఎన్నడూ కొరత కాలేదు గనుక ఇక్కడ దీపం చేయగల పని ఎండకు ప్రత్యామ్నాయంగా నిలవడం కాదు, రాత్రి నిడివిని మార్చడం. ఆ పని సాధ్యపడటానికి ప్రయోగశాలల్లోని ఆవిష్కరణలతో పాటు కాలువ, కరెంటు తీగ, బల్బు ధర కూడా కలిసి రావలసి వచ్చింది.

బోధన్ సుమారు 18.66 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ జూన్ మూడో వారంలో పగలు దాదాపు 13 గంటల 15 నిమిషాలు ఉంటే, డిసెంబరు మూడో వారంలో 11 గంటలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఏడాది మొత్తం మీద ఈ తేడా రెండుంపావు గంటలే గనుక మనుషులు దీన్ని చలికాలపు తొందర పొద్దుగా మాత్రమే గుర్తిస్తారు, కాని అనేక మొక్కలు పదిహేను, ఇరవై నిమిషాల తేడాను సైతం పసిగట్టి దాని ప్రకారం మొగ్గ తొడగడమో, ఆకులే వేస్తూ పోవడమో తేల్చుకుంటాయి. పగలు, రాత్రి నిడివులకు మొక్క స్పందించే ఈ గుణాన్నే వృక్షశాస్త్రం కాంతికాలావధి అంటుంది. పగలు కురచై రాత్రి సాగినప్పుడు పూసేవి హ్రస్వదీప్తి మొక్కలు, పగలు సాగినప్పుడు పూసేవి దీర్ఘదీప్తి మొక్కలు, ఈ నిడివితో నిమిత్తం లేనివి తటస్థదీప్తి మొక్కలు.

ఈ పేర్లు పుట్టకముందే తెలంగాణ పల్లెల్లో ఈ గుణం మీద ఆధారపడిన ఆచారం ఒకటి స్థిరపడి ఉంది. భాద్రపద అమావాస్య నుంచి ఆశ్వయుజ శుద్ధ అష్టమి దాకా తొమ్మిది రోజులు సాగే పూల పండుగ బతుకమ్మ, సెప్టెంబరు చివరి వారాలకూ అక్టోబరుకూ మధ్య కాలంలో, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తుకు దగ్గరగా వస్తుంది. జొన్న, మక్క చేల మధ్య వానాకాలమంతా ఆకుపచ్చగా ఒదిగి ఉన్న గునుగు అప్పటికి వెండి రంగు కంకులు తొడుగుతుంది. పెరట్లో, చేను గట్లమీద వేసిన బంతి విరగబూస్తుంది, చామంతి మొగ్గకు వస్తుంది. ఈ మూడూ హ్రస్వదీప్తి స్వభావం కలవే. గునుగు, బంతి పగళ్లు తగ్గేకొద్దీ పూతకు త్వరపడతాయి, చామంతి మరింత పట్టుదల గలది, రాత్రి తగినంత సాగనిదే అది పూర్తిగా పూతకు రాదు. జూన్‌లో మొలిచిన గునుగూ, ఆలస్యంగా జూలైలో మొలిచిన గునుగూ దాదాపు ఒకే కాలంలో కంకి వేయడానికి కారణం వాటి వయస్సు కాదు, వాటిమీద వచ్చిన రాత్రుల నిడివి. చాంద్రమానం ప్రకారం లెక్కించే పండుగ ఏటా పదకొండు రోజుల చొప్పున వెనక్కి జరిగిపోకుండా అధికమాసం దాన్ని పట్టి నిలుపుతుంది గనుకనే పూల కాలమూ పండుగ కాలమూ విడిపోలేదు. అధికమాసాన్ని లెక్కగట్టిన పంచాంగకర్తల ఉద్దేశం పూలు కాకపోయినా, బతుకమ్మకు అది చేసిన మేలు చిన్నది కాదు.

పొద్దుకూ పూతకూ గల ఈ సంబంధం శాస్త్రంగా రూపుదిద్దుకున్నది అమెరికాలో. వాషింగ్టన్ పరిసరాల్లోని వ్యవసాయ శాఖ క్షేత్రంలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు పరిశోధకులు వేసవి అంతా పూయకుండా ఎత్తుగా పెరిగిపోతున్న ఒక పొగాకు రకం గురించి, వేర్వేరు తేదీల్లో విత్తినా ఇంచుమించు ఒకేసారి పూస్తున్న సోయాబీన్ రకం గురించి ఆలోచించి, ఉష్ణోగ్రత, తేమ, ఎరువు మొదలైన కారణాలను ఒక్కొక్కటిగా తోసిపుచ్చుతూ చివరకు పగటి నిడివి దగ్గరకు చేరారు. మొక్కలను సాయంత్రం పెందలాడే చీకటి గదిలోకి చేర్చి పగటిని కురచ చేయగానే అవి పూశాయి. వారి పరిశోధన 1920లో ప్రచురితమైంది. 1938లో హామ్నర్, బానర్ అనే పరిశోధకులు మన పొలం గట్ల మీద కూడా మొలిచే మరులమాతంగి మొక్కపై పనిచేసి, అసలు లెక్కకు వచ్చేది పగలు కాదు, ఎడతెగని రాత్రి అని చూపారు. పొడుగు రాత్రి మధ్యలో కొద్దిసేపు దీపం వెలిగిస్తే చాలు, ఆ రాత్రి మొక్క లెక్కలో రెండు పొట్టి రాత్రులుగా చీలిపోయి పూత ఆగిపోతుంది. ఈ చీలికను గుర్తించే పదార్థం ఆకుల్లో ఉండే ఫైటోక్రోమ్ అనే వర్ణకమని, అది 660 నానోమీటర్ల దగ్గరి ఎరుపు వెలుగుకు ఒక రూపంలోకి, 730 నానోమీటర్ల దగ్గరి దూర ఎరుపు వెలుగుకు మరొక రూపంలోకి మారుతుందని 1952 నుంచి 1959 దాకా అమెరికా వ్యవసాయ శాఖలోనే బోర్త్‌విక్, హెండ్రిక్స్, వారి సహచరులు నిరూపించారు. ఏ రంగు వెలుగు మొక్కతో మాట్లాడుతుందో తేలిపోయింది, కాని ఆ ఒక్క రంగునే చవకగా ఇవ్వగల దీపం అప్పటికి పుట్టలేదు.

ఆ పరిశోధనల్లో మొదటివి సాగిన 1920లు, 1930ల్లోనే బోధన్ సీమ రూపురేఖలు మారిపోయాయి. ప్రసిద్ధ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో మంజీర నదిమీద 1923లో మొదలైన నిజాంసాగర్ ప్రాజెక్టు 1931లో పూర్తయింది. చెరువుల కింద వరి, మిగిలిన చోట జొన్న పండే నేలలో రెండు లక్షల ఎకరాలకు పైగా కాలువ నీటి ఆశ ఏర్పడింది. ఆ కాలువల నీటితో నిండే అలీసాగర్ నిజామాబాద్, బోధన్ పట్టణాల నడుమ గుట్టల దగ్గర అదే కాలంలో వెలిసి, విహార మందిరంతో, తీర్చిన తోటలతో జిల్లాలో అలంకార మొక్కల పెంపకానికి పేరుపొందిన ప్రదేశమైంది. పైరుకు ఏడాది పొడుగునా తడి దొరకడంతో అప్పటిదాకా వ్యర్థమైపోతున్న ఎండ చక్కెరగా మారే మార్గం ఏర్పడింది. కృష్ణా, గోదావరి తీరాల నుంచి వచ్చిన రైతులు క్యాంపుల పేరుతో ఊళ్లు కట్టుకున్నారు, 1937లో నిజాం చక్కెర కర్మాగారం స్థాపితమైంది, దాని చుట్టూ శక్కర్‌నగర్ కాలనీ పెరిగింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారాల్లో ఒకటిగా చెప్పుకున్న ఆ సంస్థ నీడలో రుద్రూరు చెరకు, వరి పరిశోధన కేంద్రం కూడా ఈ సీమ రైతుకు అండగా నిలిచింది.

చెరకు విషయంలో పూత అనేది ఆనందించవలసిన సంగతి కాదు. చెరకు తలలో వెండి కుచ్చులాంటి పూత వెలువడిందంటే గడ పెరుగుదల అక్కడితో ఆగిపోతుంది, ఆ తరువాత కోత ఆలస్యమైతే గడ లోపల బెండు ఏర్పడి రసం తగ్గుతుంది, పీచు పెరుగుతుంది, గానుగకు చేరేసరికి చక్కెర దిగుబడి పడిపోతుంది. ఈ పూతకు కూడా కారణం పొద్దే. పగటి నిడివి 12 గంటల 30 నిమిషాల నుంచి 12 గంటల వైపు మెల్లగా తగ్గుతున్న వారాల్లో, రాత్రి ఉష్ణోగ్రత మరీ పడిపోకుండా, నేలలో తడి సమృద్ధిగా ఉంటే చెరకు పూతకు సిద్ధపడుతుంది. బోధన్ అక్షాంశం మీద ఆ వారాలు ఇంచుమించు ఆగస్టు ఆఖరున మొదలై సెప్టెంబరు చివర ముగుస్తాయి. అంటే గునుగు కంకికి సిద్ధమయ్యే రోజుల్లోనే చెరకు కూడా తన లెక్క తాను వేసుకుంటుంది. పండుగకు పూలు ఇచ్చే ఆ పక్షాలే చక్కెర సీమకు నష్టభయం కలిగించే పక్షాలు కావడం ఈ ప్రాంత వ్యవసాయంలో లోతుగా గమనించదగిన విషయం.

చెరకు పూతను మరో చోట వరంగా భావించారు. కోయంబత్తూరులో పొద్దు నిదానంగా మారుతుంది, రాత్రులు వెచ్చగా ఉంటాయి, అందువల్ల చెరకు అక్కడ విరివిగా పూసి గింజ కడుతుంది. 1912లో చెరకు ప్రజనన కేంద్రాన్ని అక్కడ నెలకొల్పడానికి ఇదే ప్రధాన కారణం. బార్బర్, వెంకటరామన్ అనే శాస్త్రజ్ఞులు అక్కడ లావు చెరకును రెల్లు జాతి అడవి చెరకుతో సంకరపరచి రూపొందించిన కో 205 రకం 1918లో విడుదలైంది, తరువాత వచ్చిన కో 419 దక్షిణ భారత చెరకు తోటలను దశాబ్దాల పాటు ఏలింది. సంకరం చేయదలచిన రెండు రకాలు ఒకేసారి పూయనప్పుడు ఒకదాని పూతను దీపాలతో ఆపడమో, చీకటి గదితో తొందరపెట్టడమో చెరకు ప్రజననంలో స్థిరపడిన పద్ధతి. హవాయి దీవుల్లో తోటలకు రాత్రివేళ దీపాలు వేసి పూత ఆపే ప్రయోగాలు కూడా జరిగాయి. అక్కడ పనిచేసిన సూత్రం బోధన్‌లోనూ పనిచేసేదే, కాని వేల ఎకరాల తోటకు తంతు బల్బులతో రాత్రంతా వెలుగు ఇవ్వడం ఏ రైతుకూ గిట్టుబాటు కాదు గనుక, తక్కువగా పూసే రకాలను ఎంచుకోవడం, పూత వచ్చిన తోటను ముందుగా నరికి మిల్లుకు తోలడం మాత్రమే ఆచరణలో నిలిచిన ఉపాయాలు.

ఇక ఈ సీమలో కరెంటు వెలుగు సంగతి చూస్తే, చెరకు పిప్పిని మండించి, ఆ ఆవిరితో యంత్రాలను తిప్పి, విద్యుత్తు కూడా పుట్టించుకోవడం చక్కెర మిల్లులకు సహజమైన పని గనుక, గానుగాడే నెలల్లో మిల్లు ఆవరణ రాత్రింబవళ్లు వెలిగేది. 1950ల్లో నిజాంసాగర్ ఆనకట్ట దగ్గర జలవిద్యుత్ కేంద్రం ఏర్పడింది. అయినా ఈ వెలుగు చాలాకాలం ఇళ్లకు, వీధులకు, యంత్రాలకు చెందినదే గాని మొక్కకు ఉద్దేశించినది కాదు. పొలానికి వచ్చిన తీగ మోటారు కోసం వచ్చింది, అదికూడా రోజులో కొన్ని గంటలే, తరచు అర్ధరాత్రి వంతులో. ఏ రాత్రి ఎన్ని గంటలు కరెంటు ఉంటుందో తెలియని పొలంలో, క్రమం తప్పితే ఫలితమే లేని దీపాల సేద్యాన్ని ఊహించడం సాధ్యం కాదు.

విదేశాల్లో మాత్రం దీపాన్ని మొక్కకు చేరువ చేసే ప్రయత్నం పంతొమ్మిదో శతాబ్దంలోనే మొదలైంది. ఇంగ్లండులో విలియం సీమెన్స్ 1880 ప్రాంతంలో ఆర్క్ దీపాల కింద మొక్కలను పెంచి చూశాడు, 1890ల్లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో లిబర్టీ హైడ్ బెయిలీ ఆ ప్రయోగాలను కొనసాగించాడు. వారి దృష్టిలో దీపం ఆహారం, అంటే ఆకు కిరణజన్య సంయోగక్రియ ద్వారా పిండిపదార్థం తయారుచేసుకోవడానికి కావలసిన శక్తి. దానికి చాలా బలమైన వెలుగు కావాలి. గార్నర్, అల్లార్డ్ తరువాత దీపానికి రెండో ధర్మం ఉందని తెలిసింది, అది సమాచారం అందించే ధర్మం. మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్స్ ఉంటే, చామంతి రాత్రిని చీల్చడానికి వంద లక్స్ చాలు. లక్స్ అంటే ఒక ఉపరితలం మీద పడే వెలుగును కొలిచే ప్రమాణం. ఈ వెయ్యింతల తేడా వల్లనే, ఎండకు లోటు లేని ఉష్ణదేశాల్లో సమాచారం అందించే దీపమే చవకైనది, ప్రయోజనకరమైనది అయింది. పగటిని సాగదీయడానికి దీపం, కురచ చేయడానికి నల్లగుడ్డ వాడి చామంతిని ఏడాది పొడుగునా పూయించే పద్ధతి 1930లు, 1940ల్లో అమెరికా గాజు ఇళ్లలో స్థిరపడింది.

ఆ పద్ధతికి కొత్త ప్రాణం పోసిన ఎల్‌ఈడీ, అంటే కాంతిని వెలువరించే డయోడు, వేడెక్కిన తంతువు నుంచి గాక అర్ధవాహక స్ఫటికం నుంచి వెలుగు ఇస్తుంది, స్ఫటికంలో వాడిన పదార్థాన్నిబట్టి ఆ వెలుగు రంగు నిర్ణయమవుతుంది. 1962లో నిక్ హోలోన్యాక్ కంటికి కనిపించే ఎరుపు డయోడును తయారుచేశాడు. 1980ల చివర అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అంతరిక్ష సంస్థ నాసా తోడ్పాటుతో ఎరుపు డయోడుల కింద లెట్యూస్ ఆకుకూరను పెంచే ప్రయత్నాలు మొదలుపెట్టారు. అప్పటికి తగినంత బలమైన నీలి డయోడు లేకపోవడంతో నీలి వెలుగును ట్యూబులైట్ల నుంచి తీసుకోవలసి వచ్చింది. అకసాకి, అమానో, నకమురా అనే జపాన్ శాస్త్రజ్ఞుల కృషితో 1990ల ఆరంభంలో బలమైన నీలి డయోడు వచ్చింది, దానిద్వారా తెల్లని వెలుగూ సాధ్యమైంది, 2014లో ఆ ముగ్గురికీ భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఆకులోని పత్రహరితం ప్రధానంగా ఎరుపును, నీలాన్ని పీల్చుకుంటుంది, ఫైటోక్రోమ్ ఎరుపుకు కదులుతుంది. కోరిన రంగునే ఇచ్చే దీపం చేతికి వచ్చాక, దశాబ్దాలుగా కాగితం మీద ఉన్న రంగుల జ్ఞానం తోటలోకి దిగింది.

భారతదేశంలో ఈ దీపం ధరను నేలకు దించినది వ్యవసాయ విధానం కాదు, ఇళ్ల వెలుగు కోసం వచ్చిన ఉజాలా పథకం. 2015 జనవరి 5న మొదలైన ఆ పథకం కింద ప్రభుత్వ సంస్థ పెద్దమొత్తంలో చేసిన కొనుగోళ్లవల్ల, 2014 ఆరంభంలో 310 రూపాయలున్న బల్బు కొనుగోలు ధర కొద్ది ఏళ్లలోనే 38 రూపాయలకు పడిపోయింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి ఇరవైనాలుగు గంటల విద్యుత్తు సరఫరా మొదలైంది. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో చిన్న లెక్క చెబుతుంది. ఒక ఎకరం చామంతి మీద 400 దీపాలు వేలాడదీశారనుకుంటే, 60 వాట్ల తంతు బల్బులకు 24 కిలోవాట్ల భారం పడుతుంది, రాత్రికి నాలుగు గంటలు వెలిగితే 96 యూనిట్లు ఖర్చవుతాయి. పొలాల్లో సాధారణంగా కనిపించే 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఆ ఒక్క ఎకరానికే చాలీచాలకుండా పోతుంది. అవే 9 వాట్ల ఎల్‌ఈడీలైతే భారం 3.6 కిలోవాట్లు, అంటే ఐదు హెచ్‌పీ మోటారు కంటె తక్కువ, ఖర్చు 14.4 యూనిట్లు. మోటారు తిరిగే తీగమీదే తోటకు వెలుగు ఇవ్వగల స్థితి చరిత్రలో మొదటిసారి ఏర్పడింది.

తెలుగువారు గణనీయంగా నివసించే కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం ప్రాంతంలో రాత్రివేళ వరుసలు వరుసలుగా బల్బులు వెలిగే చామంతి చేలు ఈ మార్పుకు స్పష్టమైన ఉదాహరణ. నారు నాటిన తరువాత కొన్ని వారాలపాటు రాత్రి పది నుంచి రెండు గంటల ప్రాంతంలో దీపం వేస్తే, మొక్క పొడుగు పగళ్లలో ఉన్నట్లే భావించి కాండం పెంచుకుంటుంది, కొమ్మలు వేస్తుంది. కాడ కావలసినంత ఎదిగాక దీపాలు ఆపితే సాగిన రాత్రులు దానిమీద పడి మొగ్గ మొదలవుతుంది, రకాన్నిబట్టి మరో రెండు మూడు నెలల్లో పూలు కోతకు వస్తాయి. దీపం ఆపే తేదీని ఎంచుకున్న రైతు కోత తేదీని కూడా ఎంచుకున్నట్లే గనుక దసరా, కార్తీకం, పెళ్లి ముహూర్తాలు అతని లెక్కలోకి వస్తాయి. అయితే దీపాల కాలంలో వరుసగా కొన్ని రాత్రులు వెలుగు తప్పితే మొక్క అకాలంగా మొగ్గ తొడిగి, కాడ పొట్టిగా మిగిలి, పువ్వు ధర పలకదు. దీర్ఘదీప్తి స్వభావం గల డ్రాగన్ ఫ్రూట్‌లో ఇదే దీపం తలకిందులుగా పనిచేస్తుంది. వియత్నాంలో స్థిరపడిన పద్ధతిని అనుసరించి తెలుగు రాష్ట్రాల రైతులు కొందరు శీతకాలపు రాత్రుల్లో ఎల్‌ఈడీలు వెలిగించి అకాల పూతను, కాయను రాబడుతున్నారు. నీడలో పెరిగే అలంకార పత్రాల మొక్కలకు, కణజాల వర్ధనంతో గాజు సీసాల్లో పెంచే పిలకలకు మాత్రం ఎల్‌ఈడీ ఆహారంగానే పనికివస్తుంది, ఎందుకంటే అక్కడ ఎండ చేరదు.

బోధన్ సీమలో ఈ దీపం ఎదుర్కొనే పొలం ఇప్పుడు పూర్వపు పొలం కాదు. 2002లో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి వెళ్లిన చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో, అంటే ఉజాలా పథకం మొదలైన ఏడాది ముగియకముందే, మూతపడింది. గానుగ ఆగిన తరువాత చెరకు పండించే కుటుంబాలకు మిల్లు ఇచ్చిన కొనుగోలు భరోసా పోయింది, శక్కర్‌నగర్‌లో తరాలపాటు పనిచేసిన కార్మికుల జీవనం చెదిరింది, ఆ నష్టాన్ని ఏ కొత్త పంటా ఇంతవరకు పూడ్చలేదు. చెరకు తగ్గిన నేలను వరి, మక్క, పసుపుతో పాటు సోయాబీన్ ఆక్రమించింది. గార్నర్, అల్లార్డ్ ఒక శతాబ్దం కిందట పొద్దు రహస్యాన్ని కనుగొన్న మొక్కల్లో సోయాబీన్ ఒకటి కావడం వల్ల, వారి పరిశోధన ఇప్పుడు మంజీర ఒడ్డు రైతుకు నేరుగా వర్తిస్తుంది. వాన ఆలస్యమై జూలై చివర విత్తిన సోయా తగినంత ఎదగకముందే కురచ పగళ్లు ముంచుకొచ్చి పొట్టిగా ఉండగానే పూస్తుంది, కాయ తగ్గుతుంది. బతుకమ్మ గునుగుకు వర్తించే నియమమే ఇక్కడా పనిచేస్తుంది, కాకపోతే గునుగు పొట్టిదైనా పండుగకు లోటు లేదు, సోయా పొట్టిదైతే రైతు అప్పు తీరదు.

ఈ కారణంగానే పొలాన్ని ఆనుకుని వెలిగే వీధిదీపాలను కూడా ఈ చరిత్రలో భాగంగానే చూడాలి. ఉజాలా మొదలైన రోజునే వీధిదీపాలను ఎల్‌ఈడీలుగా మార్చే జాతీయ కార్యక్రమం కూడా మొదలై, తెలంగాణ పట్టణాలకు విస్తరించింది. తోటలో రైతు నియమంగా వెలిగించే దీపానికీ, రోడ్డు మీద రాత్రంతా వెలిగే దీపానికీ మొక్క తేడా చూడదు. వీధి దీపం వెలుగు నేరుగా పడే చోట పెంచిన చామంతి కుండీ పూతకు రాకుండా ఆకులతోనే నిలిచిపోవచ్చు. రోడ్డు దీపాల పక్కన సోయా మొక్కలు కోత కాలానికి కూడా పచ్చగానే ఉండిపోవడం అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో నమోదైన విషయం. చేను మొత్తం ఎండి కోతకు సిద్ధమైనా దీపం చుట్టూ ఉన్న వలయం పచ్చిగా ఉంటే యంత్రంతో ఒకే దఫా కోయడం కుదరదు, పచ్చి గింజ కలిసిన సరుకులో తేమ ఎక్కువై ధర తగ్గుతుంది. దీపపు వెలుగు పొలంవైపు చిందకుండా నేలవైపే వంచే తొడుగు, అర్ధరాత్రి తరువాత వెలుగును తగ్గించే ఏర్పాటు ఎల్‌ఈడీలో సులభం, తంతు బల్బు కాలంలో అంత సులభంగా దొరకని సౌకర్యం అది. బోధన్, వర్ని రోడ్ల వెంట సోయా చేలను ఆనుకుని కొత్త స్తంభాలు నాటే శాఖలు ఆ రెండు ఏర్పాట్లను మొదటినుంచే అంచనాలో చేర్చవలసి ఉంది, ఎందుకంటే పైరు రాత్రిని లెక్కపెట్టుకునే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పడిన వెలుగు ఫలితం అక్టోబరు కోతలో గాని కనిపించదు, అప్పటికి దాన్ని సరిదిద్దే గడువు దాటిపోతుంది.